వెయ్యి రూపాయల అప్పీలు: ఆదాయపు పన్ను శాఖ ఫేస్‌లెస్ సేవకు ఎన్ని మార్కులు?

అసెస్‌మెంట్ ఆఫీసరు (మీ ఆదాయం లెక్కగట్టి పన్ను తేల్చే అధికారి) వేసిన పన్ను డిమాండు తప్పనుకుంటే ముందు వెళ్లాల్సింది కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి. కోర్టు మాట ఆ తర్వాతే. 2020 సెప్టెంబరు 25న వచ్చిన ఫేస్‌లెస్ (అధికారిని ముఖాముఖి కలవకుండా నడిచే) అప్పీల్ స్కీమ్‌తో ఈ దశ దాదాపు పూర్తిగా ఆన్‌లైన్‌కు మారింది. ఆ స్కీమ్‌లోని లోపాలు కొన్ని సవరించి 2021 డిసెంబరు 28న కొత్తది తెచ్చారు. సోదాల కేసులు చూసే సెంట్రల్ సర్కిళ్లు, అంతర్జాతీయ పన్నుల విభాగం ఇందులోకి రావు. చిన్న కేసులు కొన్నింటిని 2023 నుంచి జాయింట్ కమిషనర్ (అప్పీల్స్) చూస్తున్నారు. పన్ను చెల్లించేవాడి వైపు నుంచి చూస్తే ఈ సేవలో దాఖలు చేసే పని బాగుంది, విచారణ పర్వాలేదు, తీర్పుకు పట్టే కాలం మాత్రం దారుణం. ఇక్కడ చెప్పే సెక్షన్లన్నీ 1961 చట్టంవి. కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కాబట్టి అంతకు ముందు సంవత్సరాల కేసులు పాత చట్టం ప్రకారమే నడుస్తాయి.

ఖర్చు విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అధికారి లెక్కగట్టిన ఆదాయం లక్ష లోపయితే ఫీజు రూ.250, రెండు లక్షల దాకా రూ.500, ఆపైన ఎంతయినా రూ.1,000. పెనాల్టీ లాంటి ఆర్డర్ల మీద రూ.250. కోటి రూపాయల డిమాండుకైనా అదే వెయ్యి. సివిల్ కోర్టులో దావా విలువను బట్టి కోర్టు ఫీజు కట్టినవాళ్లకు ఇది ఎంత చవకో వెంటనే తెలుస్తుంది.

చవక కదా అని ప్రతిదానికీ అప్పీలు వేయకూడదు. టీడీఎస్ 26ఏఎస్‌లో (మీ పేరున జమైన పన్నుల పట్టికలో) కనిపిస్తున్నా క్రెడిట్ ఇవ్వలేదు, కూడికలో తప్పు పడింది, కట్టిన చలానా లెక్కలోకి రాలేదు అనుకోండి. ఇవి రికార్డు మీదే కనిపించే పొరపాట్లు, సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ (పొరపాటు సవరణ) అడిగితే సరిపోతుంది. దానికి నాలుగేళ్ల గడువుంది, ఫీజు లేదు. అదే రెండు అభిప్రాయాలకు చోటున్న అంశమైతే 154 పనికిరాదు. టి.ఎస్.బలరాం వర్సెస్ వోల్కార్ట్ బ్రదర్స్ కేసులో సుప్రీంకోర్టు 1971లోనే ఆ మాట తేల్చేసింది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రెక్టిఫికేషన్ దరఖాస్తు పెట్టి జవాబు కోసం కూర్చుంటారు, ఈలోగా అప్పీలు గడువు దాటిపోతుంది. 154 దరఖాస్తు పెండింగులో ఉన్నంత మాత్రాన అప్పీలు గడియారం ఆగదు. ఏది వర్తిస్తుందో తేలకపోతే రెండూ వేయడం క్షేమం.

ఇంకో మెలిక ఉంది, చాలామంది ఆడిటర్లు కూడా సమయానికి గుర్తు చేయరు. ఆదాయం తక్కువ చూపారంటూ 270ఏ కింద పెనాల్టీ మొదలుపెడితే, అది తప్పుడు వివరాలు ఇచ్చిన కేసు కానప్పుడు పెనాల్టీ పన్నులో 50 శాతం. పన్ను, వడ్డీ కట్టేసి, ఆర్డర్ అందిన నెలాఖరు నుంచి నెల లోపు ఫారం 68 వేస్తే సెక్షన్ 270ఏఏ కింద ఆ పెనాల్టీ తప్పుతుంది. అయితే ఆ ఆర్డర్ మీద అప్పీలు వేయకూడదు, వేస్తే ఈ మినహాయింపు పోతుంది. చేర్చిన మొత్తం చిన్నదై, వాదన బలహీనంగా ఉంటే అప్పీలు కంటే ఫారం 68 లాభం. అప్పీలు వేసే ఫారం 35 తెరవకముందే ఈ లెక్క వేసుకోవాలి.

గడువు 30 రోజులు. డిమాండ్ నోటీసు అందిన తేదీ నుంచి లెక్క, అందిన రోజును మినహాయిస్తారు. ఆర్డర్ తేదీ, అందిన తేదీ ఒకటి కాకపోవచ్చు. ఫారంలో రెండింటికీ వేర్వేరు గడులున్నాయి. తొందరలో రెండు చోట్లా ఆర్డర్ తేదీనే వేసి, లేని ఆలస్యాన్ని నెత్తిన వేసుకునేవాళ్లున్నారు. నిజంగానే ఆలస్యమైతే దాచొద్దు. ఫారంలో ఆలస్యానికి కారణం రాసే చోటుంది, దాంతోపాటు అఫిడవిట్ జత చేయాలి. జాప్యం మన్నింపులో మరీ ఛాందసంగా ఉండొద్దని 1987లో కాతిజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట అందరూ రాస్తారు. కానీ నిలబెట్టేది ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, పాత ఈమెయిల్ ఐడీకి నోటీసు వెళ్లిందని చూపే స్క్రీన్‌షాట్ లాంటి కాగితాలు. "పోర్టల్ చూసుకోలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే కొట్టేసే అవకాశమే ఎక్కువ.

దాఖలు ఇలా ఉంటుంది. పోర్టల్‌లో ఈ-ఫైల్, అందులో ఇన్‌కమ్ ట్యాక్స్ ఫారమ్స్‌కు వెళ్లి ఫారం 35 ఎంచుకోవాలి. ఆర్డర్ వివరాలు, ఇతర పెండింగ్ అప్పీళ్లు, కట్టిన పన్నులు, స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ (జరిగిన సంగతులు), గ్రౌండ్స్ (ఆర్డర్ ఎందుకు తప్పో చెప్పే అంశాలు), అదనపు సాక్ష్యం, జతపరిచే కాగితాలు, వెరిఫికేషన్ వరుసగా వస్తాయి. డ్రాఫ్ట్‌గా దాచుకుని రెండు మూడు రోజుల్లో నింపొచ్చు. ఫీజు ముందే ఈ-పే ట్యాక్స్‌లో కట్టి చలానా నంబరు దగ్గర పెట్టుకోవాలి. చలానాలో అసెస్‌మెంట్ సంవత్సరం తప్పు పడితే ఆ ఫీజు ఈ అప్పీలుదేనని మళ్లీ రుజువు చేసుకోవాల్సి వస్తుంది. అప్పీలు చేసే ఆర్డర్, 156 కింద వచ్చిన డిమాండ్ నోటీసు, చలానా జత చేయాల్సిందే. స్కాన్లు తక్కువ రిజల్యూషన్‌లో పీడీఎఫ్ చేసుకోండి, రంగుల్లో 600 డీపీఐ స్కాను ఎవరికీ అక్కర్లేదు. వర్డ్ నుంచి కాపీ చేసి అతికిస్తే వంకర కొటేషన్ గుర్తులు, సెక్షన్ గుర్తులు ఇబ్బంది పెడతాయి. ముందు నోట్‌ప్యాడ్‌లో వేసి శుభ్రం చేసుకుంటే గొడవ ఉండదు.

ఫారంలో ఒక గడి మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. సెక్షన్ 249(4) ప్రకారం, రిటర్న్ వేసినవాళ్లు అందులో చూపిన ఆదాయం మీద పన్ను కట్టేసి ఉండాలి. అసలు రిటర్నే వేయనివాళ్లు అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టాల్సినంత మొత్తం కట్టాలి, లేదా తగిన కారణం చూపి మినహాయింపు అడగాలి. బ్యాంకులో నగదు జమ చూసి కేసు తిరిగి తెరుస్తూ 148 నోటీసు పంపి, జవాబు రాకపోతే 144 కింద ఏకపక్షంగా ఆర్డర్ వేసిన కేసుల్లో ఈ గడే ప్రాణం తీస్తుంది. పన్ను పరిమితి లోపు ఆదాయమున్న రైతుకు అడ్వాన్స్ ట్యాక్స్ బాధ్యతే ఉండదు. ఆ సంగతి లెక్కతో రాయాలి. "కట్టలేదు" అని ఒక్క క్లిక్కు చేసి వదిలేస్తే అప్పీలును విచారణకు స్వీకరించకుండానే తోసిపుచ్చొచ్చు.

ఇక అసలు పని రాతలో ఉంది. ఎదురుగా అధికారి లేరు, మీ ముఖం చూడరు, ఆడిటర్ గారి మాటకారితనం వినరు. రాసిందే మిగులుతుంది. స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌కు 1,000 పదాలు, ఒక్కో గ్రౌండుకు 100 పదాలు పరిమితి. ఈ పరిమితి చాలదని గొణిగేవాళ్లున్నారు గానీ నిజానికి ఇది మేలే చేసింది. సుప్రీంకోర్టు తీర్పుల్లోంచి పేజీలకు పేజీలు దించే అలవాటును కొంత తగ్గించింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కిరాణా కొట్టు యజమాని ఖాతాలో రూ.14 లక్షల నగదు జమైంది. అధికారి మొత్తాన్ని 69ఏ కింద వివరణ లేని డబ్బుగా చేర్చి 115బీబీఈ ప్రయోగించారు. 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్సు, కలిపి 78 శాతం. అంటే రూ.10,92,000, వడ్డీ వేరు. చాలా ఫారాల్లో కనిపించే గ్రౌండు ఇది: "ఆర్డర్ చట్టవిరుద్ధం, సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం, కావున రద్దు చేయగలరు." దీన్ని చదివిన అధికారికి చేయడానికేమీ ఉండదు.

పనికొచ్చే గ్రౌండు ఆ 14 లక్షలను ముక్కలు చేస్తుంది. ఆరు లక్షలు అంతకు ముందు నాలుగు నెలల్లో అదే ఖాతా నుంచి తీసినవి, ఈలోగా ఖర్చయినట్టు ఆర్డర్‌లో ఎక్కడా ఆధారం లేదు. ఐదు లక్షలు అమ్మకాల డబ్బు, రిటర్న్‌లో చూపిన టర్నోవరులో ఇప్పటికే ఉంది, కాబట్టి మళ్లీ చేరిస్తే రెండుసార్లు పన్ను పడినట్టే. మూడు లక్షలు పంట డబ్బు, మార్కెట్ యార్డు పట్టీలు, పాసుపుస్తకం, అడంగల్ జత చేశాం. ఒక్కో ముక్కకు ఒక్కో గ్రౌండు రాసి, ఆర్డర్‌లో ఏ పేరా తప్పో నంబరుతో చూపాలి. చివర్లో ప్రత్యామ్నాయ గ్రౌండు ఒకటి ఉండాలి: ఐదు లక్షల విషయంలో వివరణ నచ్చకపోయినా అది వ్యాపారం నుంచి వచ్చిందే కాబట్టి మామూలు రేటు పడాలి, 115బీబీఈ వర్తించదు. కేసు మొత్తం నెగ్గకపోయినా ఈ ఒక్క గ్రౌండుతో పన్ను సగానికి సగం తగ్గిన సందర్భాలుంటాయి. తేదీల వారీగా నగదు రాకపోకల పట్టిక ఒకటి జతచేస్తే పది తీర్పులు ఉటంకించడం కంటే ఎక్కువ పనిచేస్తుంది. మూలం చూపించే ఆత్రంలో "బావమరిది దగ్గర మూడు లక్షలు చేబదులు తీసుకున్నాను" అని మాత్రం ఆలోచించకుండా రాయొద్దు. రూ.20,000, అంతకు మించి నగదుగా అప్పు తీసుకుంటే 269ఎస్‌ఎస్ ఉల్లంఘన, తీసుకున్నంతా పెనాల్టీగా అడిగే 271డీ వెనకాలే వస్తుంది.

అసెస్‌మెంట్ దశలో ఇవ్వని కాగితాలు ఇప్పుడిస్తుంటే రూల్ 46ఏ దాటాలి. అధికారి తీసుకోవడానికి నిరాకరించారు, తగిన కారణం వల్ల అప్పుడు ఇవ్వలేకపోయాం, సరైన అవకాశం ఇవ్వకుండానే ఆర్డర్ వేశారు. ఇలాంటి పరిస్థితుల్లో మాత్రమే కొత్త సాక్ష్యం తీసుకుంటారు. విడిగా దరఖాస్తు రాసి, ఒక్కో కాగితం ముందు ఎందుకివ్వలేదో చెప్పాలి. తీసుకున్నాక దాన్ని అసెస్‌మెంట్ ఆఫీసరుకు పంపి రిమాండ్ రిపోర్టు (దాని మీద ఆయన రాతపూర్వక అభిప్రాయం) తెప్పించాలి. అది తెప్పించకుండా మీకు అనుకూలంగా ఆర్డర్ వస్తే సంబరపడొద్దు. డిపార్ట్‌మెంటు పై మెట్టయిన ట్రైబ్యునల్‌కు వెళ్లి 46ఏ(3) ఉల్లంఘన అంటుంది, కేసు మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే రిమాండ్ రిపోర్టు పిలవమని మీరే రాతపూర్వకంగా అడగండి. నెగ్గబోయేవాడే ఈ జాగ్రత్త తీసుకోవాలి.

విచారణ అంటే సెక్షన్ 250 కింద నోటీసులు, వాటికి పోర్టల్‌లోని ఈ-ప్రొసీడింగ్స్‌లో జవాబులు. వాయిదా అడిగే వీలుంది. మొదటి స్కీమ్‌లో వీడియో విచారణ అధికారి దయ మీద ఉండేది. 2021 స్కీమ్‌లో అడిగితే ఇవ్వాల్సిందే. అడగడం మరిచిపోతే మాత్రం ఎవరూ గుర్తు చేయరు. సేవలో బలహీనమైన భాగం నోటీసు అందే తీరు. నెలల తరబడి ఏమీ కదలదు, ఓ రోజు హఠాత్తుగా కొద్ది రోజుల గడువుతో నోటీసు వస్తుంది. ఫారంలో ఇచ్చిన ఈమెయిల్ పాత ఆడిటరుది అయితే కథ అక్కడే ముగుస్తుంది. కేవలం పోర్టల్‌లో పెడితే నోటీసు అందినట్టు కాదని పంజాబ్, హర్యానా హైకోర్టు 2024లో ముంజల్ బీసీయూ కేసులో అంది. కానీ దాని కోసం హైకోర్టు దాకా వెళ్లడం కంటే వారానికోసారి లాగిన్ అవడం నయం. జవాబు రాలేదని అప్పీలును ఊరికే కొట్టేయడానికి లేదని, అసలు వివాదాన్ని చూసి (మెరిట్స్ మీద) తేల్చాలని బాంబే హైకోర్టు 2016లో ప్రేమ్‌కుమార్ అర్జున్‌దాస్ లూథ్రా కేసులో చెప్పింది. అలా కొట్టేసిన ఆర్డర్లు ఇప్పటికీ ట్రైబ్యునల్ నుంచి వెనక్కి వస్తూనే ఉన్నాయి. న్యాయం జరిగినట్టే, కాలం పోయినట్టే. కమిషనర్ (అప్పీల్స్)కు ఆదాయం పెంచే అధికారం కూడా ఉంది, ముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి. కాబట్టి అప్పీలులో అక్కర్లేని కొత్త సంగతులు తవ్వొద్దు.

కాలం గురించి ఎంత చెప్పినా తక్కువే. వీలైనంత వరకు అప్పీలు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏడాదిలో తేల్చాలని 250(6ఏ) అంటుంది. వీలైనంత వరకు అన్న మాటతో ఆ నిబంధన పళ్లు ఊడిపోయాయి. పెండింగ్ అప్పీళ్లు లక్షల్లో ఉన్నాయి. 2020లో, మళ్లీ 2024లో వివాద్ సే విశ్వాస్ పేరుతో రాజీ పథకాలు తేవాల్సి వచ్చింది.

ఈలోగా డిమాండు ఆగుతుందా? ఆగదు. అప్పీలు వేస్తే వసూలు తనంతట ఆగిపోతుందని నమ్మి నిశ్చింతగా ఉన్నవాళ్ల ఖాతాలు అటాచ్ అయిన ఘటనలు కొల్లలు. ఫారం 35కు స్టే దరఖాస్తుతో ఏ సంబంధమూ లేదు. ఈ సేవలో ఇదే పెద్ద లోపం, రెండూ ఒకేచోట అడిగే ఏర్పాటు ఉండాల్సింది. స్టే కోసం 220(6) కింద అసెస్‌మెంట్ ఆఫీసరుకు విడిగా రాయాలి, డిమాండ్ నోటీసులో ఇచ్చిన 30 రోజులు దాటకముందే రాస్తే మంచిది. ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) 2017 జులై 31 మెమో ప్రకారం మామూలుగా 20 శాతం కడితే అప్పీలు తేలేదాకా స్టే ఇస్తారు, 2016లో అది 15 శాతం. పై ఉదాహరణలో అది రూ.2,18,400. అంతకన్నా తక్కువకూ స్టే ఇచ్చే వీలుందని ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆఫీసరు కాదంటే ప్రిన్సిపల్ కమిషనరుకు, అక్కడా కాదంటే హైకోర్టులో రిట్. కట్టని మొత్తం మీద నెలకు ఒక శాతం వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. వేరే సంవత్సరాల రిఫండ్లను ఈ బాకీకి సర్దేస్తామంటూ 245 నోటీసు వస్తే, స్టే ఉందని పోర్టల్‌లోనే అభ్యంతరం తెలపాలి. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే సర్దేస్తారు.

మొదటి మెట్టులో ఓడినవాళ్లకు అసలైన ఊరట ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రైబ్యునల్. 1941 జనవరి 25 నుంచి ఉన్న సంస్థ, తెలుగువాళ్లకు హైదరాబాద్, విశాఖపట్నం బెంచ్‌లు. ఇది ఆదాయపు పన్ను శాఖ చేతిలో లేదు, న్యాయ శాఖ కింద ఉంటుంది. ఆ తేడా విచారణలో కనిపిస్తుంది. ఆర్డర్ అందిన నెలాఖరు నుంచి రెండు నెలల గడువు, 2024 అక్టోబరు 1కి ముందు అది 60 రోజులు. ఫారం 36, ఫీజు ఆదాయాన్ని బట్టి రూ.500, రూ.1,500, రెండు లక్షలు దాటితే ఆదాయంలో ఒక శాతం, గరిష్ఠంగా రూ.10,000. స్టే దరఖాస్తుకు రూ.500. అధికారి లెక్కగట్టిన ఆదాయం 50 లక్షల లోపయితే ఒక్క సభ్యుడే వినొచ్చు. సొంతంగా వాదించుకోవచ్చు, ఆడిటరునో లాయరునో పెట్టుకోవచ్చు. ఇక్కడ పేపర్ బుక్ (ట్రైబ్యునల్‌కు ఇచ్చే ఆధారాల పుస్తకం) సరిగ్గా ఉంటే సగం పని అయినట్టే. పేజీ నంబర్లు, సూచిక, ఏ కాగితం కింది అధికారుల ముందు పెట్టారో తెలిపే ధ్రువీకరణ ఉండాలి. కొత్త కాగితాన్ని పాతవాటి మధ్య దోపితే డిపార్ట్‌మెంటు ప్రతినిధి పట్టేస్తారు, మిగతా పుస్తకం మీద కూడా నమ్మకం పోతుంది. ఆదాయం పెంచే అధికారం ట్రైబ్యునల్‌కు లేదు కాబట్టి ఇక్కడికి రావడంలో ఉన్నదానికంటే నష్టపోయేది లేదు. ఇచ్చిన స్టే మొత్తం 365 రోజులు దాటకూడదని చట్టంలో ఉంది. ఆలస్యం పన్ను చెల్లించేవాడి తప్పు కానప్పుడు స్టే దానంతటదే పోదని 2021లో పెప్సీ ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు సర్దింది.

ఆపైన హైకోర్టు, సెక్షన్ 260ఏ కింద, గడువు 120 రోజులు, గణనీయమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే. నగదు ఎక్కడిదన్న వాస్తవాల తగాదా ట్రైబ్యునల్‌తో అయిపోతుందనుకోవడం మంచిది. డిపార్ట్‌మెంటు కూడా పన్ను విలువ కొంత దాటితేనే పైకి వెళ్తుంది. 2024 సెప్టెంబరు సర్క్యులర్ నుంచి ఆ హద్దు ట్రైబ్యునల్‌కు 60 లక్షలు, హైకోర్టుకు 2 కోట్లు, సుప్రీంకోర్టుకు 5 కోట్లు. పై ఉదాహరణలోని కొట్టు యజమాని మొదటి మెట్టులో నెగ్గితే, కొన్ని మినహాయింపు కేసులు తప్ప, అక్కడితో వివాదం ముగిసినట్టే. చిన్న పన్నుదారుకు ఈ సర్క్యులర్ చేసిన మేలు అంతా ఇంతా కాదు.

నెగ్గాక కూడా ఒక పని మిగిలే ఉంటుంది. అప్పీలు ఆర్డర్ వచ్చినా పోర్టల్‌లో పాత డిమాండు అలాగే కనిపిస్తుంది. అసెస్‌మెంట్ ఆఫీసరు దాన్ని అమలు చేస్తూ ఇంకో ఆర్డర్ వేయాలి. తిరిగి అసెస్‌మెంట్ అవసరం లేని కేసుల్లో, ఆర్డర్ ప్రిన్సిపల్ కమిషనరుకు అందిన నెలాఖరు నుంచి మూడు నెలలు దానికి గడువు. ఆర్డర్ కాపీ, కట్టిన 20 శాతం చలానాలు, లెక్క జతచేసి లేఖ పెట్టండి, రసీదు తీసుకోండి. రిఫండ్ వచ్చినప్పుడు వడ్డీ సరిచూసుకోండి. నెలకు అర శాతం, మూడు నెలల గడువు దాటితే దాని మీద ఏడాదికి మరో 3 శాతం. మన దగ్గర వసూలు చేసేటప్పుడు ఒక శాతం, మనకిచ్చేటప్పుడు అర శాతం, అదొక లెక్క. ఆ అదనపు 3 శాతం అడిగినవాళ్లకే ఎక్కువగా దక్కుతుంది. లెక్కలో తప్పుంటే మళ్లీ 154.